ఉప్పు తిన్న శత్రువు

వజ్రకూట దుర్గానికి అతిథులు రావడం మానేసి చాలాకాలమైంది.

దుర్గం అందానికేం తక్కువ లేదు. సముద్రంలోకి పొడుచుకువచ్చిన నల్లరాతి కొండకొమ్మున ఆకాశాన్ని ఒరుసుకుంటూ నిలిచిన బురుజులు. బురుజుబురుజుకూ పగడపు రంగు పతాకలు. సింహద్వారానికి ఏనుగుదంతాలు తాపిన ఇత్తడి తలుపులు. లోపల చలువరాతి నడవలు, వాటి వెంట సంపెంగ తోటలు. రాజసభ పైకప్పుకు పలకలు పలకలుగా అభ్రకం పరిచారు. పట్టపగలు ఎండ వాటిగుండా దిగితే సభలోని నేలంతా చేపపొలుసులా తళతళలాడేది. అయినా పాటగాళ్ళు ఆ కొండ ఎక్కరు. వర్తకులు దూరంనుంచే ఓడలు మళ్ళించుకుంటారు. దుర్గాధిపతి గండవర్మ పేరు వింటే చాలు, చుట్టుపక్కల ఊళ్ళలో ఇల్లాళ్ళు తలుపు గడియ వేసుకుంటారు.

దానికి కారణం ఉంది. గండవర్మ ఒకనాడు శంఖద్వీపానికి అతిథిగా వెళ్ళాడు. ఆ దీవి రాజు తరంగవర్మ అతనికి కాళ్ళకు నీళ్ళిచ్చి, నాలుకమీద ఉప్పుకల్లు వేసి, తన పక్కనే విస్తరి వేయించాడు. ఉప్పు నాలుకకు తగిలిందంటే ఆ సముద్రతీర రాజ్యాలన్నిటా ఒకటే కట్టడి. గడప దాటి వెళ్ళేవరకు అతిథి గృహస్థుమీద చెయ్యెత్తరాదు, గృహస్థు అతిథిమీద చెయ్యెత్తరాదు. ఇద్దరి మధ్యా ఎంత పగ ఉన్నా సరే, తెలిసి తిన్నా తెలియక తిన్నా సరే. ఒకడు కట్టడి తప్పితే రెండోవాడికి ఇక ఏ కట్టుబాటూ ఉండదు. గండవర్మ ఆ విస్తరి ముందే కత్తి దూశాడు. కలిపిన అన్నం ముద్ద తరంగవర్మ చేతిలో ఉండగానే ఆయన శిరస్సు తెగి విస్తరిలో పడింది.

తెరచాటునుంచి అది చూసిన పసివాడు తరంగవర్మ కొడుకు మకరాంకుడు. ఇప్పుడతనికి మీసం వచ్చింది, భుజం పెరిగింది. పగ వాటికన్నా ముందే పెరిగింది.

ఆ మకరాంకుడే, ఎండ నిప్పులు చెరుగుతున్న వేళ, చల్లడం అనే తోలు పొట్టిలాగు కట్టుకొని, గుర్తుపట్టకుండా మొహానికి నల్లటి గేరుచమురు రాసుకొని, భుజాన కళ్ళెం వేసుకొని వజ్రకూటం సింహద్వారం ముందు నిలిచాడు.

“ఎవడ్రా నువ్వు?” ద్వారపాలకుడు బల్లెం గుండెకు ఆనించాడు.

“గుర్రాలను లొంగదీసేవాణ్ణి. పేరు మాలవ్యుడు. పడమటి ఇసుకదేశంనుంచి వస్తున్నాను. మీ ప్రభువు వేయించిన చాటింపు విన్నాను.”

“దావానలంకోసం వచ్చావా?” ద్వారపాలకుడు పకపకా నవ్వి పక్కవాళ్ళను పిలిచాడు. “రండ్రా, ఇంకొకడొచ్చాడు చావడానికి!”

దావానలం గండవర్మ కొన్న గుర్రం. ఇంతవరకు వీపుమీద మనిషిని నిలవనివ్వలేదు. దాన్ని లొంగదీసినవాడు కళ్ళెం తన చేత్తోనే ప్రభువు చేతిలో పెట్టి, కోరిన బహుమానం అడగవచ్చునని చాటింపు. ఎప్పుడూ అంగరక్షకుల వలయంలో ఉండే గండవర్మను చేతికి అందేంత దూరంలో చూడాలంటే మకరాంకుడికి కనిపించిన దారి అదొక్కటే. ఒక చేత్తో కళ్ళెం అందించాలి. రెండో చేతి బాకు అతని గుండెలో దిగాలి. ఈ పని జరిగేవరకు మాత్రం ఆ దుర్గంలో పచ్చి గంగ కూడా ముట్టకూడదు. దేంట్లో ఉప్పుకల్లు కలిసి ఉంటుందో తెలియదు, అది నాలుకకు తగిలితే అతిథి అవుతాడు. అతిథికి బాకు పనికిరాదు.

భటులు అతన్ని తడిమారు. చల్లడం మడతలో కుట్టుకున్న బాకు వాళ్ళ చేతికి తగల్లేదు. వెంట తెచ్చుకున్న నీళ్ళతిత్తి మాత్రం దొరికింది.

“ఇందులో ఏముంది? విషమా?”

“మంచినీళ్ళు. కావాలంటే తాగి చూడు.”

“నీ ఎంగిలి నేను తాగాలా?” అంటూ భటుడు తిత్తి కోసి, నీళ్ళన్నీ ఎర్రగా కాలిన బండమీద పారబోశాడు. చూస్తుండగానే బండ ఆ నీళ్ళను తాగేసింది. మకరాంకుడు పెదవి కొరుక్కొని లోపలికి నడిచాడు.

గుర్రాల ముంగిట్లోకి రాగానే భటులందరూ ఒక్కసారిగా తప్పుకున్నారు. తెల్లటి పట్టుచీర కట్టుకున్న ఒక వృద్ధురాలు స్వయంగా చెంబు పట్టుకొని ఎదురు వస్తున్నది. వెండిలాంటి జుట్టు, నిటారైన నడుము, చూపులో మాత్రం ఏళ్ళనాటి అలసట. ఆమె గండవర్మ తల్లి, రాజమాత హైమవతీదేవి.

“కాళ్ళు కడుక్కో నాయనా,” అంది. “ఎంత దూరంనుంచి వచ్చావో! రెండు మెతుకులు తిన్నాకే ఏ పనైనా.”

“నేను కూలికి వచ్చినవాణ్ణి తల్లీ. అతిథిని కాను.”

“నా గుమ్మంలోకి వచ్చినవాళ్ళంతా నాకు అతిథులే.”

“పని ముగించి తింటాను.”

“పోనీ, గొంతు తడుపుకో.”

“వద్దమ్మా.”

రాజమాత అతని పగిలిన పెదవులకేసి చూసింది. చెంబు చంకన పెట్టుకొని, మెట్లెక్కి పైన కూర్చుంది. ఆమె పక్కనే ఎత్తయిన పీఠంమీద గండవర్మ ఆసీనుడై ఉన్నాడు. తుమ్మమొద్దులాంటి మెడ, తేనెరంగు కళ్ళు, వేళ్ళనిండా ఉంగరాలు. అతని చెవి దగ్గర వంగి నిలబడ్డవాడు మాంత్రికుడు ఉలూకదత్తుడు. వాడి కళ్ళు గుండ్రంగా, రెప్పలు లేనట్లు ఉంటాయి. ఎండ సరిపడక నుదుటిమీద చెయ్యి అడ్డుపెట్టుకొని చూస్తున్నాడు.

“వదలండి!” అని అరిచాడు గండవర్మ.

గొలుసులు ఊడాయి. లాయం చీకట్లోనుంచి దావానలం బయటికి దూకింది. అబ్బ, ఏం గుర్రమది! ఒళ్ళంతా కుంకుమరాయి ఎరుపు. జూలు మాత్రం పొగలా నలుపు. ముక్కుపుటాలు కొలిమితిత్తుల్లా పొంగుతున్నాయి. గిట్టల కింద రాతిపలకలనుంచి రవ్వలు లేస్తున్నాయి. అది చెవులు వెనక్కి మడిచి, పళ్ళు బయటపెట్టి తిన్నగా మకరాంకుడి మీదికే వచ్చింది.

అతను పారిపోలేదు. ఆఖరి క్షణంలో పక్కకు ఒరిగి, జూలు అందుకొని, గాలిలో గిరికీ కొట్టి వీపుమీద పడి, భుజాన ఉన్న కళ్ళెం దాని నోటికి తగిలించాడు. గుర్రం వెనక కాళ్ళమీద లేచింది. పడలేదు. గోడకేసి ఒళ్ళు రుద్దింది. మోకాలు చిట్లి నెత్తురు కారింది, అయినా పట్టు వదల్లేదు. నేలమీద దొర్లబోయింది. అతను కళ్ళెం మెలిపెట్టి దాని తల ఎత్తిపట్టాడు. ఇక దానికి పిచ్చెక్కింది. కోటగోడమీదికి ఎక్కే వాలుబాట పట్టుకొని బాణంలా దూసుకుపోయింది. గోడ చివర అగాధం. అట్టడుగున అలలు రాళ్ళను నములుతున్నాయి.

“కళ్ళెం లాగు! కళ్ళెం లాగరా!” కింద జనం కేకలు పెట్టారు.

మకరాంకుడు లాగలేదు. అంతేకాదు, కళ్ళెం పూర్తిగా వదిలేసి దాని మెడమీద వాలి, చెవిలో మెల్లగా అన్నాడు. “దూకుతావా? దూకు. నాకూ ఈ ప్రాణంమీద పెద్ద ఆశ లేదు.”

గుర్రం గోడ అంచున కాళ్ళు తన్నిపెట్టి ఆగింది. ఒక రాయి ఊడి గాలిలోకి పోయింది. దాని ఒళ్ళంతా వణికింది. ఇంతవరకు దాన్ని భయపెట్టాలని చూసినవాళ్ళే ఎక్కారు. తనతోపాటు చావడానికి సిద్ధపడ్డవాడు ఇతనొక్కడే. అది తల దించింది.

అతను గుర్రాన్ని నడిపించుకుంటూ కిందికి వచ్చాడు. జయజయధ్వానాలు చెవికి ఎక్కడం లేదు. నాలుక అట్టకట్టిపోయింది. కళ్ళముందు పీఠం రెండుగా, గండవర్మ ఇద్దరుగా కనిపిస్తున్నారు. ఎడమచేత కళ్ళెం. కుడిచెయ్యి చల్లడం మడతలోకి పోతున్నది. ఇంకొంచెం. గండవర్మ కళ్ళెంకోసం చెయ్యి చాచాడు. ఆ ఉంగరాల తళుకులు తెల్లటి మంటలై మకరాంకుడి కళ్ళనిండా పరుచుకున్నాయి. మనిషి కుప్పకూలాడు.

తెలివి వచ్చేసరికి తల ఎవరి ఒడిలోనో ఉంది. పెదవుల మధ్య మట్టి ముంత. చల్లటి మజ్జిగ గొంతులో దిగుతున్నది. ప్రాణం లేచివచ్చింది. ఆ వెనకే నాలుకకు రుచి తెలిసింది.

ఉప్పు.

మకరాంకుడు దిగ్గున లేచి కూర్చున్నాడు. ఎదురుగా రాజమాత ముఖం.

“ఎంత పని చేశావమ్మా!”

“ఏం చేశాను నాయనా? ఎండదెబ్బ తగిలినవాడికి ఉప్పుమజ్జిగ పట్టాను.” తర్వాత అతనికి మాత్రమే వినిపించేలా అంది. “నాలుక పిడచగట్టుకుపోయినవాడు నీళ్ళు వద్దన్నాడంటే ఎందుకో నాకు తెలియదా? నువ్వెవరి బిడ్డవో నేనడగను. నా కొడుకు చేసిన పాపాలు చాలా ఉన్నాయి, ఏ ఇంటినుంచి వచ్చావో అనుకోవాల్సిన గతి నాది. కాని నా గుమ్మంలో వాడి నెత్తురు పడనివ్వను. నీ నెత్తురూ పడనివ్వను.” ఆమె చెయ్యి అతని చల్లడం మడతలో దూరి బాకును తీసి తన చీర కుచ్చెళ్ళలో దోపుకుంది. “ఇది వెళ్ళేటప్పుడు ఇస్తాను.”

కోపంతో మకరాంకుడి కణతలు అదిరాయి. శత్రువు చేతికి అందేంత దూరంలో ఉన్నాడు. తన చేతులు మాత్రం ఒక ముంతెడు మజ్జిగతో కట్టుబడిపోయాయి. కట్టడి తప్పితే గండవర్మకూ తనకూ తేడా ఏమిటి? అతను లేచి, కళ్ళెం తీసుకువెళ్ళి గండవర్మ చేతిలో పెట్టి, బహుమానం అడగకుండా వెనుదిరిగాడు.

ఉలూకదత్తుడు అప్పటికే ఒక తమలపాకుమీద నల్లటి అంజనం రాసి దాంట్లోకి చూస్తున్నాడు. వాడి మూతి ఒక పక్కకు వంకర తిరిగింది.

“ప్రభూ! వీడు మాలవ్యుడు కాదు. ఈ ఆకులో పసివాడొకడు తెరచాటున నిలబడి ఏడుస్తున్నాడు. వాడి ముందు తల తెగిన రాజు కూర్చున్నాడు. తమరు ఆ రాజును ఎరుగుదురు.”

గండవర్మ కళ్ళు మెరిశాయి. “తరంగవర్మ కొడుకా! ఇక్కడే నరికించెయ్యనా?”

“ఇంతమంది ముందు వద్దు ప్రభూ. మీ అమ్మగారు ఉప్పు పెట్టారు. సేన మొహం తిప్పుకుంటుంది. వాడి చేతే కట్టడి తప్పిద్దాం. విందు పెట్టించండి. రెచ్చగొట్టండి. వాడు చెయ్యెత్తిన మరుక్షణం ఎవడు చంపినా తప్పులేదు. అప్పటికీ చెయ్యెత్తకపోతే…” మాంత్రికుడు తన చిటికెనవేలి ఉంగరాన్ని తిప్పాడు. “దానికీ మందుంది.”

సభలో విస్తళ్ళు పడ్డాయి. అభ్రకపు కప్పుకింద ఎండపొడలు పాకుతున్నాయి. వెండి గిన్నెల్లో కుంకుమపువ్వు అన్నం, జీడిపప్పు వేసి వేయించిన కౌజుపిట్టలు, చింతచిగురుతో వండిన రొయ్యలు, నేతిలో మునిగిన బూరెలు. గండవర్మ మకరాంకుణ్ణి తన ఎదుటే కూర్చోబెట్టాడు. రాజమాత స్తంభం పక్కన నిలబడింది.

వడ్డించడానికి వచ్చిన ముసలి వంటవాణ్ణి మకరాంకుడు చూడగానే గుర్తుపట్టాడు. ఒక చెవి తెగి ఉంది. గడ్డం నెరిసింది. కాని ఆ మనిషిని మరిచిపోవడం ఎలా? నారసింగుడు! తన తండ్రి ఏకాంగవీరుడు. రాజు ప్రాణానికి తన ప్రాణం అడ్డువేస్తానని శివుడి ముందు ప్రమాణం చేసిన అంగరక్షకుడు. ఆ రోజు తండ్రి వెనక కత్తి పట్టుకొని నిలబడ్డవాడు ఇక్కడ, హంతకుడి వంటింట్లో గరిటె పట్టుకొని ఉన్నాడు!

నారసింగుడు అతని విస్తరిలో అన్నం వడ్డించాడు. ఇద్దరి చూపులూ కలిశాయి. ముసలివాడే ముందు చూపు దించుకున్నాడు.

“మాలవ్యా,” అన్నాడు గండవర్మ, ఆ పేరును చప్పరిస్తున్నట్లు. “శంఖద్వీపంనుంచి చెవి కోసి పట్టుకొచ్చిన మా నారసింగుడు బాగా వండుతాడు. అంతకన్నా బాగా కథలు చెబుతాడు. ఒరే, శంఖద్వీపం విందు కథ మా అతిథికి వినిపించు.”

నారసింగుడు గిన్నె కింద పెట్టాడు. “ఎందుకు ప్రభూ, తినే వేళ?”

“చెప్పమన్నాను.”

“ఆ పూట కూడా ఇలాగే కౌజుపిట్టలు వండారు,” మొదలుపెట్టాడు ముసలివాడు. “మా రాజుగారు తన విస్తరిలో మంచి ముక్క చూసి, తీసి అతిథి విస్తరిలో వేశారు. ‘మీరు దూరంనుంచి వచ్చారు, తినండి’ అన్నారు. అతిథి ఆ ముక్క నమిలాడు. మింగాడు. చెయ్యి కడుక్కున్నాడు. అప్పుడు కత్తి దూశాడు.”

ఈ వివరం వజ్రకూటంలో ఇంతవరకు ఎవరూ వినలేదు. ముసలి సేనాపతులు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. తాను అనుకున్న కథ ఇది కాకపోయేసరికి గండవర్మ ముఖం ఎర్రబడింది.

“తర్వాత నువ్వేం చేశావో చెప్పు!”

“నేను బతికాను ప్రభూ.”

“బతికి?” ఆ ప్రశ్న మకరాంకుడి నోటినుంచి కొరడాదెబ్బలా వచ్చింది. “రాజు చచ్చిపోతే ఏకాంగవీరుడు బతికి ఏం చేశాడు?”

“వంట చేశాడు బాబూ,” అన్నాడు నారసింగుడు.

మకరాంకుడు విస్తరిపక్కన ఉమ్మివేశాడు. గండవర్మ తొడ చరిచి నవ్వాడు. “బాగుంది! విను, ఇంకా ఉంది. తల తెగాక ఆ తరంగవర్మ చెయ్యి ఏం చేసిందో తెలుసా? ముద్దను నోటికోసం వెతుక్కుంది!” అంటూ చేత్తో గాలిలో తడుముతూ చూపించాడు. అతని కొలువులో కొందరు నవ్వారు. గోడల వెంట నిలబడ్డ ఉలూకదత్తుడి సొంత ముసుగు భటులు కత్తుల పిడులమీద చేతులు వేసి, మకరాంకుడు లేవడంకోసం కాచుకున్నారు.

అతని పిడికిట్లో అన్నం నలిగి పిండయింది. లోపల అగ్నిపర్వతం పగులుతున్నది. అయినా లేవలేదు. ఆ ముద్దను నోట్లో పెట్టుకొని నమిలి మింగాడు.

“మీ వంట బాగుంది ప్రభూ,” అన్నాడు. “మీరు కూడా తినండి. చల్లారిపోతోంది.”

గండవర్మ నవ్వు తెగిపోయింది. అతను కంటితో సైగ చేశాడు. వంటింటి గుమ్మం దగ్గర నారసింగుడు పాయసపు గిన్నెతో వస్తుంటే, ఉలూకదత్తుడు దారికి అడ్డొచ్చినట్లు నటించి, ఉంగరం మూత తీసి చిటికెడు పొడి గిన్నెలో రాల్చాడు. “అతిథికే,” అని పళ్ళ బిగువున అన్నాడు. “ఒలికిందో, నీ తోలు ఒలిపిస్తాను.”

నారసింగుడు గిన్నె పట్టుకొని వచ్చి మకరాంకుడి ముందు మోకాళ్ళమీద కూర్చున్నాడు. వడ్డించలేదు. గిన్నెను రెండు చేతులా పైకెత్తాడు.

“వడ్డించే పదార్థాన్ని ముందుగా వడ్డించేవాడే రుచి చూడటం ఈ ఇంటి పద్ధతి కాదు,” అన్నాడు, సభంతా వినిపించేలా. “మా శంఖద్వీపం పద్ధతి.”

గటగటా గిన్నె మొత్తం తాగేశాడు.

ఉలూకదత్తుడు కెవ్వుమన్నాడు. గిన్నె నేలమీద పడి దొర్లింది. చూస్తుండగానే ముసలివాడి పెదవులు నీలంగా మారాయి. గోళ్ళు నల్లబడ్డాయి. మకరాంకుడు విస్తరి దాటి ఉరికి అతన్ని పట్టుకున్నాడు.

“చినబాబూ… బాగా పెరిగారు,” అన్నాడు నారసింగుడు, రొప్పుతూ. “నన్ను తిట్టుకోకండి. ఈ ఇంట నేను ఒక్క ఉప్పుకల్లు నాలుకమీద పెట్టలేదు. ఇన్నేళ్ళూ చప్పిడి గంజే తాగాను. వంటవాణ్ణి కదా, ఎవరు చూస్తారు? రోజూ వాడి విస్తరి నా చేతికిందే ఉండేది. చంపాలంటే ఎంతసేపు? కాని అన్నంలో చంపితే నేనూ వాడిలాంటివాణ్ణే అవుతాను. పైగా ఆ ప్రాణం నాది కాదు, మీది. మీకోసం దాచి ఉంచాను. ఇప్పుడు… ఇప్పుడు కట్టడి తప్పింది వాళ్ళు. మీ చేతులు మీవే.”

“నారసింగా!”

“విస్తరి పక్కన ఉమ్మేశారే, ఆ కోపం… అచ్చం మీ నాన్నగారిదే…” అతని తల మకరాంకుడి భుజంమీద వాలిపోయింది.

రాజమాత ముందుకు వచ్చింది. ఆమె పాదం ఆ ఖాళీ గిన్నెకు తగిలి ఖంగుమంది.

“గండా! ఆ పాయసంలో ఏం కలిపావు?”

“నేను కాదమ్మా! ఆ ఉలూకదత్తుడు…”

“ఇల్లు నీది. విస్తరి నీది. ఉప్పు నా చేతిది.” ఆమె గొంతు పెంచలేదు. కాని సభలో ప్రతి ఒక్కరికీ వినిపించింది. “అక్కడెక్కడో దీవిలో నువ్వు చేసింది విని, నా బిడ్డ అలా చేసి ఉండడని ఇన్నాళ్ళూ నాకు నేను చెప్పుకున్నాను. ఇవాళ కళ్ళారా చూశాను. నిన్ను కన్నాను కనక చంపలేను. ఇతనికి ఉప్పు పెట్టాను కనక నిన్ను కాపాడనూ లేను.”

కుచ్చెళ్ళలోంచి బాకు తీసి మకరాంకుడి పాదాల దగ్గర పడేసింది. కొంగు తలమీదికి లాక్కొని, ముఖం కప్పుకొని, వెనక్కి చూడకుండా సభ దాటి వెళ్ళిపోయింది. గుమ్మం దగ్గర మాత్రం ఒకసారి తూలి, గోడను పట్టుకుంది.

వజ్రకూటం సేనాపతులు ఒక్కొక్కరే కత్తులు నేలమీద పెట్టి గోడవారకు జరిగారు. ఉలూకదత్తుడి ముసుగు భటులు మాత్రం తోడేళ్ళ మందలా విరుచుకుపడ్డారు. మకరాంకుడు నారసింగుణ్ణి మెల్లగా నేలమీద పడుకోబెట్టి, బాకు అందుకొని లేచాడు. మొదటి కత్తి వంగి తప్పించుకున్నాడు. రెండోదాన్ని వెండి పళ్ళెంతో కాచుకొని, ఆ పళ్ళెమే వాడి మొహాన మోదాడు. వంటింటి గుమ్మం పక్కన బూరెలు వేగుతున్న నేతి బాణలి ఇంకా పొయ్యిమీదే మరుగుతున్నది. దాన్ని కాలితో తన్నాడు. సలసల కాగే నెయ్యి నేలంతా పాకింది. ముసుగులవాళ్ళు కాళ్ళు కాలి, జారి, ఒకరిమీద ఒకరు పడ్డారు. వాళ్ళ వీపులే మెట్లుగా ఎక్కి అతను పీఠంమీదికి లంఘించాడు. గండవర్మ కత్తి దూసి నరికాడు. దెబ్బ తప్పింది. బాకు మెరిసింది. గండవర్మ చెంప కంటినుంచి గవదదాకా చీలింది.

“ఉలూకా! నన్ను తీసుకుపో!” అని గావుకేక పెట్టాడు గండవర్మ.

మాంత్రికుడు నోట్లో ఏదో నమిలి నేలమీద ఉమ్మాడు. గుప్పున పసుపుపచ్చటి పొగ లేచింది. పొగలోంచి బయటికి వచ్చింది మనిషి కాదు. ఏనుగంత గుడ్లగూబ! కొడవళ్ళలాంటి గోళ్ళు, తెరచాపల్లాంటి రెక్కలు, పళ్ళేలంత కళ్ళు. గండవర్మ దాని వీపుమీదికి ఎగబాకాడు. అది పైకి లేచి అభ్రకపు కప్పును తలతో పగలగొట్టింది. పగిలిన రేకులు వానలా కురిశాయి. పట్టపగటి ఎండ భళ్ళున సభలోకి దూకింది.

మకరాంకుడు ఆ వానలోంచే బయటికి పరిగెత్తాడు. ముంగిట్లో దావానలం కట్టుకొయ్యను పీకేసి గిట్టలతో నేల తవ్వుతున్నది. అతను ఎక్కీ ఎక్కకముందే కదిలింది.

పైన గుడ్లగూబకు ఎండలో కళ్ళు కనిపించడం లేదు. ఒకసారి బురుజుకు తగిలింది, ఒకసారి పతాకలో చిక్కుకుంది. తూలుతూ, వంకరటింకరగా, కోటగోడకు కొంచెం ఎత్తులోనే సముద్రంవైపు పోతున్నది. దావానలం వాలుబాట ఎక్కింది. ఇందాక ఆగిన చోటికే వచ్చింది. అంచున అది నిలబడగానే, ఆ ఊపుతోనే మకరాంకుడు దాని వీపుమీద లేచి నిలిచి గాలిలోకి ఎగిరాడు. కింద ఏమీ లేదు. చేతికి గరుకుగా ఏదో తగిలింది. గుడ్లగూబ కాలు! రెండు చేతులా వాటేసుకున్నాడు.

కొత్త బరువుకు ఆ పక్షి ఒక్కసారి బారెడు కిందికి జారి, మళ్ళీ రెక్కలు కొట్టింది. దుర్గం వెనక్కి పోయింది. నురగలు కక్కే నీలిసముద్రం కాళ్ళకింద పరుచుకుంది. గండవర్మ రెక్క పట్టుకొని కిందికి వంగి చూశాడు. నెత్తురు కారే అతని ముఖం భయంకరంగా ఉంది.

“వదలరా!” కత్తితో మకరాంకుడి వేళ్ళమీద వేటు వేశాడు. అది గురి తప్పి పక్షి తొడమీదే పడింది. గుడ్లగూబ బాధతో కీచుమంది.

“జాగ్రత్త ప్రభూ!” అని పక్షి గొంతుతో మాంత్రికుడు ఏడ్చాడు.

“ఇంకొంచెం వంగు,” అన్నాడు మకరాంకుడు, పళ్ళమధ్య బాకు బిగించి ఈకలు పట్టుకొని పైకి పాకుతూ. “మా నాన్న ముద్దను నోటికోసం వెతుక్కున్నాడన్నావు కదా. ఆ చెయ్యి ఎలా ఆడిందో ఇంకోసారి చూపించు.”

గండవర్మ చూపు కిందికి, సముద్రంమీదికి పోయింది. ఇప్పుడతని గొంతు మారింది. “పిచ్చివాడా, దీన్ని పొడిస్తే నువ్వూ చస్తావు! విను, వజ్రకూటంలో సగం నీకిస్తాను. సముద్రం సాక్షిగా చెబుతున్నాను.”

“నీ సాక్షులు నాకు తెలుసు.”

మకరాంకుడు ఒక చేత్తో పక్షి రొమ్ము ఈకలు పిడికిట బిగించి, రెండో చేత్తో బాకును పిడిదాకా దించాడు. గుడ్లగూబ అరుపు మధ్యలోనే మనిషి అరుపయింది. రెక్కలు ఉన్నచోట చేతులు వేలాడాయి. గాలిలో ఇప్పుడు పక్షి లేదు, ముగ్గురు మనుషులున్నారు. వాళ్ళను మోసేది ఏదీ లేదు.

సముద్రం నేలలా గట్టిగా తగిలింది. చాలాసేపు అంతా పచ్చగా, చల్లగా, నిశ్శబ్దంగా ఉంది. గుండెలో బాకు దిగిన ఉలూకదత్తుడి దేహం అతని పక్కనుంచే మెల్లగా లోతుల్లోకి దిగిపోయింది. మకరాంకుడు కాళ్ళు తన్ని, ఊపిరి పగిలిపోయే క్షణంలో పైకి తేలాడు. బాకు లేదు. ఎడమభుజం కదలడం లేదు. చుట్టూ నీళ్ళు. ఎదుట మాత్రం ఒకే ఒక్క నల్లబండ, గేదె వీపంత, అలలమధ్య మునుగుతూ తేలుతూ ఉంది.

అతను ఒంటి చేత్తో ఈదుతూ దాన్ని చేరి, నాచుపట్టిన అంచును అందుకున్నాడు. అదే క్షణాన బండకు ఆవలివైపునుంచి ఇంకొక చెయ్యి వచ్చి పడింది. వేళ్ళనిండా ఉంగరాలు.

గండవర్మ చీలిన ముఖాన్ని నీళ్ళపైకి ఎత్తాడు. అతని దగ్గరా కత్తి లేదు. పోటు వస్తున్నది. ప్రతి అలకూ బండ కొంచెం చిన్నదవుతున్నది.

“మకరాంకా,” అన్నాడు రొప్పుతూ. “దీనిమీద ఒక్కడికే చోటుంది.”

“అవును,” అన్నాడు మకరాంకుడు, బండ వదిలిన చేత్తో అతని జుట్టు పట్టుకొని నీళ్ళకిందికి అదుముతూ.